ఠేకాకు చప్పట్లెవరు కొడతారు?

రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకుందని సామెత. నన్ను ఒకవైపే బాదుతున్నారని రోలు కన్నీళ్ళు పెట్టుకుంటే, నువ్వు నయం, నాకు రెండువైపులా వాయింపేనని మద్దెల నిట్టూర్చిందట. ఆ మద్దెలనే ఎవరో నడిమికి కోసి నిలబెడితే తబలా అయిందని ఇంకో కథ. కోసినవాడు అమీర్ ఖుస్రో అని కూడా చెప్పేస్తారు. చరిత్ర తెలిసినవాళ్ళు దీనికి నవ్వి వూరుకుంటారు. తబలా ఇప్పటి రూపానికి వచ్చింది పద్ధెనిమిదో శతాబ్దంలో, ఢిల్లీ ప్రాంతంలో అంటారు. కథ మాటెలా వున్నా మద్దెల కష్టం మాత్రం తబలాకి వారసత్వంగా దక్కింది. కాస్త గట్టిగా వాయిస్తే గాయకుడికి కోపం. మెల్లగా వాయిస్తే శ్రోతకి నిద్ర. ఈ రెండు దెబ్బల మధ్య మన తబలా ఎటు పోతున్నదన్నదే ఇక్కడ ప్రశ్న.

ఇక్కడ అంటే సికిందరాబాదు దాటి ఉత్తరంగా పోయే రెండు తోవలమీద. ఒకటి మేడ్చల్ తోవ, రెండోది శామీర్‌పేట తోవ. అక్కడ శాస్త్రీయ సంగీతమేమిటండీ అని అడిగేవారుంటారు. ఒకప్పుడు అడగవలసిన మాటే. మేడ్చల్ అంటే ద్రాక్షతోటలు, మన్మాడు పోయే రైలు. శామీర్‌పేట అంటే చెరువు, జింకల పార్కు, ఆదివారం పులిహోర పొట్లాలు. తరవాత నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వచ్చింది. 2008లో జవహర్‌నగర్‌లో బిట్స్ వచ్చింది. ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. 2016లో మేడ్చల్ పేరు ముందు పెట్టుకుని ఒక జిల్లాయే ఏర్పడింది. 2023లో మేడ్చల్ దాకా ఎంఎంటీఎస్ రైలు కూడా నడిచింది. ఇన్ని వచ్చాక మనుషులు రాకుండా వుంటారా? గేటు కాలనీలు, రిసార్టులు, పేరు చివర గార్డెన్స్ అని తగిలించుకున్న ఫంక్షన్ హాళ్ళు పుట్టుకొచ్చాయి. సాయంత్రం పూట ట్రాఫిక్కులో ఈదుకుంటూ రవీంద్రభారతి దాకా పోయే ఓపిక ఎవరికీ లేదు. అంచేత కచేరీయే ఇటు నడిచి వస్తున్నది.

వస్తున్నందుకు సంతోషించవలసిందే. కాలనీ వార్షికోత్సవంలో సితారు, కంపెనీ విందులో వేణువు, వినాయకుడి పందిట్లో భజన, కాలేజీ ఉత్సవంలో గాత్రం. గాత్రమైనా వాద్యమైనా హిందుస్తానీ సంగీతమైతే పక్కన తబలా తప్పదు. ప్రధాన కళాకారుడు మారుతుంటాడు, రాగం మారుతుంటుంది. తబలా మాత్రం అన్నంలో ఉప్పులాగ అన్నిచోట్లా వుంటుంది. అందుకే కచేరీ ఆరోగ్యం ఎలా వుందో చూడాలంటే తబలా నాడి పట్టుకుంటే సరిపోతుంది.

ఇక్కడి శ్రోతలకి లయ తెలియదనుకోవడం అన్యాయం. శామీర్‌పేట చెరువు కట్టమీది మైసమ్మకి బోనాలెత్తినప్పుడు డప్పు దరువు మారితే జనం కాళ్ళు వాటంతటవే మారిపోతాయి. కొమురవెల్లి మల్లన్న జాతరకి పట్నంవాళ్ళు పోయేది ఈ శామీర్‌పేట మీదుగానే. ఒగ్గు కథకుడి డోలు విని పెరిగినవాళ్ళు ఈ చుట్టుపక్కల ఎందరో వున్నారు. చర్మవాద్యం ఎప్పుడు పిలుస్తున్నదో, ఎప్పుడు ఆగమంటున్నదో వీళ్ళకి ఒకరు చెప్పనక్కర్లేదు. లోపం చెవుల్లో లేదు. ఆ చెవులకి ఏది వడ్డిస్తున్నామన్న దగ్గరే వుంది.

ఈమధ్య శామీర్‌పేట తోవలో పచ్చికమీద వేసిన వేదిక దగ్గర ఒక సితారు కచేరీ విన్నాను. పేర్లు అనవసరం, అలాంటివి పది జరుగుతున్నాయి. భోజనాలకి ముందు యాభై నిమిషాలు ఇచ్చారు. ఆలాపన ఆరేడు నిమిషాల్లో ముగిసింది. విలంబిత గత్ ముఖం చూపించి వెళ్ళిపోయింది. ఆ తరవాత మొదలైంది సవాల్ జవాబ్. సితారు ఒక ముక్క వేస్తే తబలా అదే ముక్క తిరిగి అప్పజెబుతుంది. ముక్కలు చిన్నవవుతాయి, వేగం పెరుగుతుంది, చివరికి ఇద్దరూ కలిసి ఒక తిహాయి కొట్టి సమ్ మీద పడతారు. చప్పట్లు. మళ్ళీ ఇంకో తిహాయి. మళ్ళీ చప్పట్లు. మైకు దగ్గరి కుర్రవాడు ఎడమ తబలా శబ్దం ఎంత పెంచాడంటే, బాయా మీద పడిన ప్రతి దెబ్బా కరీంనగర్ రోడ్డుమీద లారీ పోయినట్టు వినిపించింది.

ఆ కచేరీలో తబలా నిజంగా గొప్పగా వాయించిన ఘట్టం ఒకటుంది. విలంబితంలో సితారు ఒక చోట మెలిక వేసి, సమ్‌కి రవంత వెనకబడింది. తబలా ఆయన తొందరపడలేదు. సమ్ ముందరి మాత్ర మీద ఒక చిన్న తిరకిట పరిచి, దారిలో దీపం పట్టినట్టు పట్టి, ఆయన్ని సరిగ్గా సమ్ దగ్గర దింపాడు. సితారు ఆయన కృతజ్ఞతగా తల వూపాడు. సభలో ఒక్క చప్పట లేదు. తరవాత రైలుబండిలా పరుగెత్తించినందుకు మాత్రం ఎనిమిది సార్లు మోగాయి. ఆ యువకుడు ఇంటికి ఏ పాఠం నేర్చుకుని వెళ్ళి వుంటాడో మీరే ఆలోచించండి.

ఆయన వాయించిన ఆ సాదా నడకనే ఠేకా అంటారు. తీన్‌తాల్‌కి 16 మాత్రలు. నాలుగేసి చొప్పున నాలుగు భాగాలు. ధా ధిన్ ధిన్ ధా అని రెండు భాగాలు నిండుగా నడుస్తాయి. తొమ్మిదో మాత్ర ఖాళీ. ఆ ప్రాంతంలో ఎడమ చేతి గుమ్మనే నాదం తప్పుకుంటుంది. ఇల్లంతా సామానున్నప్పుడు లేని వెలితి, ఒక గది ఖాళీ చేస్తే తెలిసినట్టుంటుంది. మళ్ళీ నాదం తిరిగి రాగానే సమ్ దగ్గర పడుతున్నదని గాయకుడికి తెలుస్తుంది. వేళ్ళు లెక్కపెట్టుకోనక్కర్లేదు. చెవే లెక్క చెబుతుంది.

మన కర్ణాటక కచేరీకీ దీనికీ తేడా ఇక్కడే వుంది. తెలుగు శ్రోతలు ఈ సంగతి గమనించాలి. కర్ణాటక గాయకుడు తాళం చేత్తో వేస్తాడు. ముందు వరసలో కూర్చున్న తాతగారూ తొడమీద వేస్తూనే వుంటారు. తాళం బాధ్యత చేతులది కాబట్టి మృదంగం స్వేచ్ఛగా కృతి చుట్టూ అల్లికలు అల్లుకోవచ్చు. పైగా దానికి తని ఆవర్తనమని సొంత కొట్టు ఒకటి కట్టించి ఇచ్చారు పెద్దలు. హిందుస్తానీలో తాళం చేత్తో వేసేవాడు లేడు. ఠేకాయే తాళం. చెయ్యీ అదే, వాద్యమూ అదే. తబలా ఠేకా వదిలి తన విద్య చూపించడానికి పోతే, గత్‌ని పట్టుకుని లెక్క నిలబెట్టవలసిన భారం సితారు మీద పడుతుంది. ఇంటికి కాపలా వున్నవాడు జాతర చూడబోతే ఇంకెవరో అరుగుమీద కూర్చోవాలి గదా! అప్పుడప్పుడూ పోతే ముచ్చటే. అస్తమానం పోతే ఇల్లు గుల్ల.

విలంబిత ఖయాలులో ఈ కాపలా ఎంత కష్టమో చూడండి. ఏక్‌తాల్‌కి 12 మాత్రలు. అతి నెమ్మదిగా నడిచినప్పుడు ఒక్క ఆవర్తనం దాదాపు నిమిషం పడుతుంది. అంటే ఒక మాత్రకీ మరో మాత్రకీ మధ్య నాలుగైదు సెకన్ల దూరం. ఆ దూరాన్ని అరగంటసేపు, ప్రతిసారీ అంతే కొలతలో నడవాలి; పిసరు తగ్గకూడదు, పిసరు పెరగకూడదు. ఉస్తాద్ అమీర్ ఖాన్ 14 మాత్రల ఝూమ్రా తాళంలో అంత తాపీగా పాడేవాడు. ఆయన మార్వా, దర్బారీ రికార్డు వినండి. తబలా ఒక్క డాంబికం పలకదు. గాయకుడి వెనక గోడలాగ నిలబడి వుంటుంది. ఆ గోడ లేకపోతే ఆ పాట ఆనుకోవడానికి చోటు లేదు.

అయితే తబలావాళ్ళని నోరుమూసుకుని ఠేకా వాయించుకోండయ్యా అని శాసించే హక్కు మనకుందా? లేదు. ఏ మాటకామాట చెప్పుకోవాలి. తబలా గొంతు పెంచిందంటే దాని వెనక ఒక శతాబ్దపు అవమానం వుంది. పాటకత్తెల వెనక కూర్చునే సారంగి, తబలా వాళ్ళకి పెద్దమనుషుల సభల్లో చాలాకాలం మర్యాద వుండేది కాదు. రికార్డు లేబుళ్ళమీద పాడినవారి పేరే వుండేది; వాయించినవాడి ఆనవాలు తరచు వుండేదే కాదు.

పండిత్ జస్‌రాజ్ కథ చాలామందికి తెలుసు. హైదరాబాదుకి ఆయన పరాయివాడు కాదు. తండ్రి మోతీరాం 1934లో ఇక్కడే కన్నుమూశారు. తండ్రి పేరూ అన్నగారి పేరూ కలిపి జస్‌రాజ్ ఈ నగరంలో దశాబ్దాలపాటు సంగీత సమారోహం జరిపించారు. ఆయన మొదట తబలా వాద్యకుడు. 1945 ప్రాంతంలో, పదిహేనేళ్ళ వయస్సులో, లాహోర్‌లో పెద్దల మధ్య ఒక రాగాన్ని గురించి ఏదో అనబోతే, చచ్చిన తోలు వాయించుకునేవాడికి రాగం సంగతేం తెలుసని ఒకరు ఈసడించారట. ఆ రోజుతో తబలా వదిలేశారు. గాయకుడిగా నిలబడేదాకా జుట్టు కత్తిరించనని ఒట్టు పెట్టుకున్నారు. మనకొక మహాగాయకుడు దక్కాడు, బాగానే వుంది. కానీ ఆ మాట పడి, జుట్టూ పెంచుకోలేక, పాటా పాడలేక, మళ్ళీ మర్నాడు అదే తబలా ముందు కూర్చున్నవాళ్ళు ఎందరో! వాళ్ళ కథ ఎవరూ రాయలేదు.

ఈ పరిస్థితిని తిప్పినవారిలో పండిత్ రవిశంకర్ ముఖ్యుడు. కర్ణాటక పద్ధతి బాగా ఎరిగినవాడు కనుక కచేరీలో తబలాకి కాస్త సొంత సమయం ఇవ్వడం అలవాటు చేశాడు. పక్కన ఉస్తాద్ అల్లారఖా. 1967లో కాలిఫోర్నియాలోని మాంటెరీలోనూ, 1969లో వుడ్‌స్టాక్‌లోనూ ఆ తబలా విని తెల్లవాళ్ళు వెర్రెత్తిపోయారు. 1971 ఆగస్టు 1న న్యూయార్కులో బంగ్లాదేశ్ కోసం జరిగిన కచేరీలో ఒక తమాషా జరిగింది. వాద్యాలు శ్రుతి చేసుకుంటుంటేనే జనం చప్పట్లు కొట్టారు. శ్రుతి చేసుకోవడమే ఇంత నచ్చితే వాయించడం ఇంకా నచ్చుతుందని ఆశిస్తున్నానని రవిశంకర్ చురక వేశాడు. నవ్వుకోవడానికి బాగుంది కానీ, మన తబలా చరిత్రలో ఇదొక మలుపు. అంతవరకు తలవూపే సమజుదారుకోసం వాయించిన చేతులు, ఆ తరవాత చప్పట్లు కొట్టే వేలమంది కోసం కూడా వాయించవలసి వచ్చింది.

అల్లారఖా కొడుకు జాకిర్ హుస్సేన్ ఈ రెండు లోకాలనీ ఏలాడు. 2024 ఫిబ్రవరిలో ఒకే రాత్రి మూడు గ్రామీలు అందుకుని, ఆ డిసెంబరు 15న శాన్‌ఫ్రాన్సిస్కోలో పోయినప్పుడు, జీవితంలో ఒక్క కచేరీ విననివాళ్ళు కూడా అయ్యో అన్నారు. పోస్టరు మీద తబలా పేరు పెద్దక్షరాల్లో పడిందంటే ఆ పుణ్యంలో సింహభాగం ఆయనదే. కానీ మన కుర్రవాళ్ళు ఆయన జుట్టునీ వేగాన్నీ పట్టుకున్నంతగా ఆయన నిగ్రహాన్ని పట్టుకోలేదు. శివకుమార్ శర్మ సంతూర్ పక్కన ఆయన వాయించిన నెమ్మది ఠేకాలు వినండి. అవసరం లేనిచోట ఒక్క దెబ్బ వుండదు. ఇంకొక సంగతి. పెళ్ళి విందుల్లోనూ, కంపెనీ పార్టీల్లోనూ, జనం తింటూ తాగుతూ కబుర్లాడే చోట వాయించనని ఆయన బాహాటంగా చెప్పేవాడు. మన శామీర్‌పేట పచ్చిక మైదానాలవాళ్ళు ఈ మాట పలకమీద రాసి గేటుకి తగిలించుకోవచ్చు. ఆయనకి చెల్లింది గనుక అన్నాడు, నెల అద్దె కట్టుకోవలసిన కుర్రవాడు అనగలడా అంటే, అనలేడు. అందుకే ఆ మాట మనం అనాలి.

అంత దూరం పోనక్కర్లేదు. మన హైదరాబాదులోనే ఉస్తాద్ షేక్ దావూద్ వుండేవారు. 1916లో షోలాపూర్‌లో పుట్టి, ఈ నగరానికి వచ్చి, ఇక్కడి రేడియోలో దీర్ఘకాలం పనిచేసి, 1992లో కన్నుమూశారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఇప్పటికీ ఈ వూళ్ళో వాయిస్తున్నారు. ఆయన గురించి తలుచుకున్నప్పుడు నాకు రేడియో గది గుర్తొస్తుంది. అక్కడ చప్పట్లు లేవు. గాజు అద్దం అవతల ఇంజనీరు, ఇవతల గాయకుడు, మధ్యన మైకు. ఎవరు పాడితే వాళ్ళ కొలతలో, ఇచ్చిన నిమిషాల్లో వాయించాలి. అలాంటి గదిలో ఏళ్ళతరబడి కూర్చున్న చేతికి ఎవరిని మెప్పించాలో తెలుస్తుంది: పాటని.

ఇవాళ్టి విద్యార్థికి ఆ గది లేదు. చేతిలో ఫోను వుంది. అందులో నలభై సెకన్ల వీడియో పెట్టాలి. నలభై సెకన్లలో ఏం చూపించగలడు? వేళ్ళు కనిపించనంత వేగంగా ఒక రేలా చూపించగలడు. చివర తిహాయి, ఒక చిరునవ్వు. విలంబిత ఏక్‌తాల్ ఒక్క ఆవర్తనం కూడా ఆ నలభై సెకన్లలో పట్టదు! ఏది పడితే అది సాధన చెయ్యడు గదా మనిషి. నలుగురికీ కనిపించేదే సాధన చేస్తాడు. రేలా వేయి సార్లు సాధన చేసినవాడు ఠేకా పది సార్లు చేస్తున్నాడు.

ఠేకా అంత సాదా పనైతే యంత్రం చేత చేయించుకోవచ్చు గదా అనే తెలివైనవారున్నారు. చేయిస్తూనే వున్నారు. బెంగుళూరు రాడెల్ వారి తాళమాల పెట్టెలు వచ్చి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఫోనులోనే తబలా మోగుతుంది. ఇంట్లో సాధనకి అది మంచిదే. అలగదు, టీ అడగదు. కానీ పెట్టెతో పాడి చూడండి. మీరు వెనకబడితే అది ఆగదు, మీరొక అందమైన పలుకు పలికితే దానికి తెలియదు. మనిషి వాయించే ఠేకాకి వూపిరి వుంటుంది. గాయకుడు పైషడ్జం అందుకోబోతుంటే బాయా తగ్గుతుంది, పాట కిందికి దిగితే గుమ్మని నిండుతుంది. కొలత మారదు, బరువు మారుతుంది. యంత్రానికి కొలత వచ్చు, బరువు రాదు. ఠేకాని నిర్లక్ష్యం చేసి తిహాయిలకోసం మాత్రమే బతికే తబలా వాద్యకుడు, తెలియకుండానే తన కుర్చీ యంత్రానికి ఇచ్చేస్తున్నాడు.

ఇంకొక చిన్న సంగతి, మన వాతావరణానిది. కుడి తబలా గాయకుడి షడ్జానికి శ్రుతి చెయ్యాలి. చెరువు గాలి తగిలి తడి పట్టిందా, తోలు సడలి శ్రుతి దిగిపోతుంది. పగటి ఎండకి బిగిసి ఎక్కుతుంది. అందుకే పాటకి ముందు ఆయన చిన్న సుత్తితో కట్టెలనీ అంచునీ తట్టుకుంటూ కూర్చుంటాడు. మన వ్యాఖ్యాతగారు అప్పుడే మైకు పుచ్చుకుని దాతల పేర్లు చదువుతారు. ఆ అయిదు నిమిషాల నిశ్శబ్దం ఇవ్వలేనివాళ్ళు కచేరీ పెట్టకపోతే నష్టం లేదు.

అయితే ఏం చెయ్యాలి? పనులు పెద్దవేం కావు. కరపత్రంలో తబలా వాద్యకుడి పేరు ప్రధాన కళాకారుడి పేరంత అక్షరాల్లో వెయ్యండి, పారితోషికం బేరమాడకండి. తన విద్య చూపించుకోవడానికి ఆయనకి వేరే పావుగంట ఇవ్వండి. పక్కన హార్మోనియం మీద లెహరా నడుస్తుంటే, పేష్కార్ నుంచి కాయిదా, రేలా, గత్ దాకా ఒక వరసలో వాయించే సంపూర్ణమైన పద్ధతి తబలాకి వుండనే వుంది. సొంత పొలం వున్నవాడు పక్కవాడి గట్టు జరపడు. ఆ పావుగంట ఇచ్చాక, ఖయాలు నడిచే ముప్పావుగంట ఖయాలుకి వదిలేయమని అడిగే హక్కు మనకొస్తుంది. మైకు కుర్రవాడికి కచేరీకి ముందే ఎడమ తబలా ఎంత వినిపించాలో చెప్పండి. యాభై నిమిషాలకి బదులు రెండు గంటలివ్వండి. భోజనాలు తరవాత పెట్టండి. ఎవరూ ఆకలితో పోరు.

కాలేజీల మీద నాకు ఆశ ఎక్కువ. స్పిక్ మాకే సంస్థ 1977 నుంచి దేశమంతా చేస్తున్న పని అదే: విద్యార్థులని కళాకారుడి ముందు కూర్చోబెట్టి, వాయించి, విప్పి చెప్పించడం. ఈ చుట్టుపక్కల అన్ని ప్రాంగణాలున్నాయి. ఖాళీ అంటే ఏమిటో ఒక్కసారి ఎడమ చెయ్యి ఎత్తి చూపిస్తే, లెక్కలు చదివే పిల్లలకి అర్థం కాకుండా పోదు. ఒక్కసారి అర్థమైతే ఇక జన్మలో మరిచిపోరు.

శ్రోతకి కూడా ఒక పని వుంది. తిహాయికి చప్పట్లు కొట్టవద్దని నేననను. మనసు పొంగితే చేతులు ఆగవు. అయితే ఆ వేగం రాకముందు పదిహేను నిమిషాలు, ఒకే కొలతలో, ఎవరి దృష్టీ తనమీద లేనప్పుడు ఒక మనిషి ఏం చేస్తున్నాడో వినండి. ఖాళీ దగ్గర నాదం తప్పుకోవడం పట్టుకోండి. అది తిరిగి వచ్చి సమ్ మీద పాటా తబలా ఒక్కటైనప్పుడు, చప్పట్లక్కర్లేదు, తల వూపండి. వేదిక మీదినుంచి ఆయన చూస్తాడు. తబలావాళ్ళ కళ్ళు అలాంటి తలలకోసమే వెతుకుతుంటాయి. సభలో అలాంటివి పది కనిపిస్తే చాలు, మర్నాటి సాధనలో ఆ కుర్రవాడు ఠేకా ఇంకో గంట వాయిస్తాడు. మైసమ్మ ముందు డప్పు దరువుకి కాలు కదిపిన వూళ్ళకి ఇది నేర్పవలసిన విద్య కాదు. గుర్తు చెయ్యవలసిన విద్య.